పటం మీద పడిన వెలుగు

మన సాహిత్యంలో వెలుగు ఎప్పుడూ మంచి పక్షమే. చీకటి అజ్ఞానం, వెలుగు విజ్ఞానం. చీకటి దోపిడీ, వెలుగు విముక్తి. అభ్యుదయ కవిత్వం ఈ ప్రతీకను ఎంతగా వాడుకున్నదంటే, అది ప్రతీక అన్న సంగతే మనం చాలావరకు మరచిపోయాం. వెలుగు ఒక భౌతిక శక్తి కూడా. అది రంగును చూపిస్తుంది. చూపిస్తూనే ఆ రంగును తింటుంది. తుంగతుర్తి, సూర్యాపేట, జనగామ ప్రాంతాల పల్లెల్లో తరతరాలు కథ చెప్పిన పటాలు ప్రదర్శనశాలల గోడలకెక్కిన తర్వాత వాటికి ఏమవుతున్నదో అర్థం చేసుకోవాలంటే, కవితా ప్రతీకను కాసేపు పక్కన పెట్టి, ఈ భౌతిక సత్యం దగ్గర మొదలుపెట్టాలి.

తుంగతుర్తి చుట్టుపక్కల పాత కళ మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఆ నియోజకవర్గంలోనే, నాగారం మండలంలోని ఫణిగిరి గుట్ట మీద శాతవాహన, ఇక్ష్వాకుల నాటి బౌద్ధారామం బయటపడింది. అక్కడి సున్నపురాతి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలినాటి బౌద్ధ కళా ప్రదర్శన దాకా వెళ్లి వచ్చాయి. రాతికి దీపమంటే భయం లేదు. వెలుగు ఏ పక్కనుంచి పడుతున్నదన్నదే దాని సమస్య. పక్కవాటుగా పడితే వస్త్రపు మడత లేచి నిలబడుతుంది, ఎదురుగా పడితే చదునైపోతుంది. రెండవది గోడ బొమ్మ. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో, రేచెర్ల రెడ్లు కట్టించిన కాకతీయ కాలపు ఆలయాల్లో, ఒక దూలం మీద క్షీరసాగర మథనం చిత్రపు ఆనవాళ్లున్నాయి. మంటపపు మసక వెలుతురులో ఆ రంగు శతాబ్దాలు గడిపింది. మన గుళ్లలో బొమ్మలను చెరిపింది చాలావరకు ఎండ కాదు. దీపాల మసి, వాన చెమ్మ, భక్తితో కొట్టిన సున్నం. మూడవది గుడ్డ బొమ్మ, అంటే పటం. ఈ మూడింటిలో రాజుల ధనంతో సంబంధం లేనిదీ, వెలుగుకు అందరికంటే తొందరగా లొంగిపోయేదీ అదే.

పటం కథల సామాజిక నేపథ్యం సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. ఉత్పత్తి కులాలు ఒక్కొక్కదానికీ కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు. చాకలివారి మడేలు పురాణం చెప్పేవారు వేరు. వీరికి ఊళ్ల మీద మిరాశి హక్కు ఉండేది. ఏ బృందం ఏ ఊళ్లకు పోవాలో, ఏ ఇంట ఎంత పుచ్చుకోవాలో కట్టుబాటు ప్రకారం నడిచేది. అగ్రవర్ణాల పురాణంలో తమకు చోటు లేని కులాలు తమ పుట్టుకను తామే కథగా చెప్పించుకున్నాయి. ఆ కథకు సాక్ష్యపత్రం పటం. ‘ఇదిగో మీ మూలపురుషుడు’ అని కథకుడు కర్రతో చూపించగలగాలి. అందుచేత పటాన్ని కథకు అలంకారంగా భావించడం సరికాదు. అది కథలో సగం. మన జానపద పరిశోధకులు ఎక్కువమంది ఈ కథలను కాగితం మీదికి, టేపు మీదికి ఎక్కించి మహోపకారం చేశారు గాని, పటాన్నీ దాని ముందు వెలిగిన దీపాన్నీ అంత శ్రద్ధగా రాసుకోలేదు. సాహిత్యమంటే శబ్దమేనన్న భ్రమ మనకు బాగా పాతది.

పటం వేసేవారు నకాషీలు. చేర్యాల పేరు మీద ఈ కళ ఇప్పుడు దేశమంతా తెలుసు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, గంజి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, నునుపు చేసి దాని మీద వేస్తారు. మూడడుగుల వెడల్పు, ముప్ఫై అడుగులు, ఒక్కోసారి అంతకు మించిన పొడవు. అడ్డంగా గళ్లు గళ్లుగా కథ కిందికి దిగుతుంది. వెనక భాగమంతా ఎరుపు. ఆ ఎరుపు లేకపోతే చేర్యాల బొమ్మ లేదు.

పాత పటాల రంగులు, ఆనాటి దక్కను చిత్రకారులు వాడిన రంగులు వెలుగు ముందు ఒకే తీరుగా ప్రవర్తించవు. దీపపు మసితో చేసిన నలుపు, సుద్ద తెలుపు, కావిరాయి ఎరుపు దాదాపు దేనికీ చలించవు. ఇంగిలీకం వెలిసిపోదు గాని, వెలుగుకు నల్లబడే స్వభావం దానికుంది. పసుపు పచ్చని అరిదళం వెలుగులో క్రమంగా తెల్లని పాషాణంగా మారిపోతుంది. నీలిమందు కొంతకాలం నిలబడి మెల్లగా తగ్గుతుంది. లక్క ఎరుపు, పసుపుకొమ్ము రంగు వంటివి అన్నిటికంటే బలహీనం. దీని ఫలితం ఏమిటంటే, వెలిసిన పటంలో బొమ్మ సమంగా వెలవదు. పసుపు పోతుంది, నలుపు గీత మిగులుతుంది. పసుపూ నీలీ కలిపి చేసిన ఆకుపచ్చలో పసుపు ముందు పోయి చెట్లు నీలంగా తేలుతాయి. అది చూసి ‘జానపద చిత్రకారుడి స్వేచ్ఛా కల్పన’ అని రాసే విమర్శకుడు చిత్రకారుణ్ణి కాదు, సూర్యుణ్ణి పొగుడుతున్నాడు.

పల్లెలో ఈ పటం ఎంత వెలుగు చూసేదో ఒక లెక్క వేసుకుందాం. వెలుగును కొలిచే ప్రమాణం లక్సు. ఒక కొవ్వొత్తి ఒక మీటరు దూరంలో ఇచ్చే వెలుతురు సుమారు ఒక లక్సు. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. మూడు వందల కొవ్వొత్తుల శక్తి గల పెట్రోమాక్సు మూడు మీటర్ల దూరంలో పటం మీద వేసే వెలుగు ముప్ఫై మూడు లక్సులు. బృందం ఏడాదిలో నూరు రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు కథ చెప్పిందనుకుందాం. వెలుగును గంటలతో గుణిస్తే 13,200 లక్సు-గంటలు. అయితే పటం మొత్తం ఒక్కసారిగా తెరిచి ఉండదు. కథ సాగినకొద్దీ పటం విప్పుతారు, అయిపోయిన భాగం చుట్టుకుపోతుంది. ఒక్కొక్క బొమ్మ వెలుగులో ఉండేది కథాకాలంలో పదో వంతు అనుకుంటే దాని వాటా 1,300 పైచిలుకు. పెట్రోమాక్సు రాకముందు కాగడా, ఆముదపు దీపం. అప్పుడు ఇంకా తక్కువ. పగటిపూట చెప్పిన కథలూ ఉన్నాయి. పందిరి నీడలో కూడా వెలుగు వేల లక్సుల్లో ఉంటుంది గనుక ఆ లెక్క చాలా పెరుగుతుంది. అయినా మిగతా కాలమంతా పటం చుట్టలో ఉండేది. చుట్ట గుడ్డ సంచిలో, సంచి భుజాన. ఎవరూ భౌతిక శాస్త్రం చదివి చేసిన పని కాదిది. కథ చెప్పే పద్ధతిలోనే రంగుకు రక్షణ ఉంది.

ఇప్పుడు అదే పటాన్ని ఒక మామూలు ప్రదర్శనశాలలో అద్దం వెనక విప్పి తగిలించండి. గది కిటికీ వెలుతురూ ట్యూబులైట్లూ కలిసి మూడు వందల లక్సులు. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు. మొత్తం 7,20,000 లక్సు-గంటలు. రాత్రి కథల్లో ఒక బొమ్మ అయిదు వందల సంవత్సరాల్లో చూడవలసిన వెలుగును అక్కడ ఒక్క సంవత్సరంలో చూస్తుంది. పైగా ఈ నష్టం జ్వరం లాంటిది కాదు, దీపం ఆర్పితే దిగిపోవడానికి. అది కూడుతూ పోతుందే తప్ప తగ్గదు. ఎండిన రంగును తిరిగి తెచ్చే మందు ఏ రసాయనశాలలోనూ లేదు.

పటాలు మ్యూజియంలో పెట్టడానికి పుట్టినవి కావన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. పటం చిరిగి, రంగు రాలి పనికిరాకుండా పోతే కథకులు దానికి శవసంస్కారం లాంటిదే జరిపి నదిలో కలిపేవారు. కొత్త పటం నకాషీతో వేయించుకునేవారు. కథ నిలవాలి, బొమ్మల వరస నిలవాలి, వేసే చెయ్యి నిలవాలి. ఫలానా గుడ్డే నిలవాలన్న ఆలోచన వారికి లేదు. మిరాశి కట్టుబాటు సడలి, పల్లెల్లో సినిమా, రేడియో వచ్చి కథకు పిలుపులు తగ్గిన తర్వాత పాత పటం నదికి పోవడం మానేసి సేకర్తల చేతికి పోవడం మొదలైంది. దీన్ని కేవలం దోపిడీ అనడం సబబు కాదు. హైదరాబాదులో 1976లో ఏర్పడిన జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో ఉన్న తెలంగాణ పటాలు ఆ సేకరణ జరగకపోతే గోదావరిలోనో కృష్ణలోనో కలిసిపోయేవి. కానీ అలా బతికిన పటానికి కొత్త బాధ్యత ఒకటి వచ్చింది. మునుపు అది పోతే ఇంకొకటి వచ్చేది. ఇప్పుడు అది ఒక్కటే. దాన్ని చూపించాలి, చెడగొట్టకుండా చూపించాలి.

ఈ సమస్య మన దగ్గర పుట్టినది కాదు. మ్యూజియం అనే సంస్థ పెరిగిన ఇంగ్లండులోనే, అదీ కార్మికుల ప్రశ్నగా మొదలైంది. లండన్ సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం 1857లో తెరిచినప్పుడు గ్యాస్ దీపాలు పెట్టి సాయంకాలాలు కూడా ప్రవేశం కల్పించారు. పగలంతా పనిచేసేవాడు పగలు మ్యూజియానికి రాలేడు గదా! చిత్రశాల తలుపు కార్మికుడికి తెరిచింది ఆ గ్యాస్ దీపమే. ఆ వెంటనే, గ్యాస్ వెలుగు బొమ్మలను పాడుచేస్తుందా అన్న వివాదం లేచింది. దాన్ని విచారించిన సంఘంలో ఫారడే, టిండాల్, హాఫ్‌మన్ వంటి శాస్త్రజ్ఞులున్నారు. 1859లో వారు ఇచ్చిన నివేదిక, తగిన జాగ్రత్తలతో గ్యాస్ దీపాన్ని వాడవచ్చునన్నది. బొమ్మల రక్షణ పేరు చెప్పి సామాన్యుణ్ణి బయట నిలబెట్టదలచినవారికి ఇది నచ్చి ఉండదు.

అయితే ప్రశ్న అంతటితో తీరలేదు. 1886లో ‘టైమ్స్’ పత్రికలో నీటిరంగుల బొమ్మలు మ్యూజియం వెలుగులో వెలిసిపోతున్నాయని ఒక పక్షం, అదంతా భయమేనని ఒక పక్షం లేఖలతో తలపడ్డాయి. ప్రభుత్వం రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు పని అప్పగించింది. వారు రంగు పూసిన కాగితం ముక్కలను ఎండకు పెట్టి, గాజు గొట్టాల్లో మూసి, గాలి తీసేసి, చెమ్మ చేర్చి, రకరకాలుగా పరీక్షించి 1888లో నివేదిక ఇచ్చారు. నీలం, ఊదా కిరణాలు ఎరుపు, పసుపు కిరణాల కంటే ఎక్కువ హాని చేస్తాయనీ, గాలీ చెమ్మా లేకపోతే చాలా రంగులు నిలబడతాయనీ తేలింది. వెలుగు విషయంలో మ్యూజియాలకు ఈనాటికీ పునాది ఆ నివేదికే అంటే అతిశయోక్తి కాదు.

ఆ సౌత్ కెన్సింగ్టన్‌తో మనకు ఇంకొక సంబంధం ఉంది, అదీ విషాదకరమైనదే. అజంతా ఆనాడు నిజాం రాజ్యంలోది. ఔరంగాబాదు జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. చీకటి గుహల్లో ఉన్న ఆ బొమ్మలను ప్రపంచానికి చూపించాలని రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ల తరబడి నకళ్లు తీశాడు. అవి 1866లో లండన్ క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదంలో చాలావరకు బూడిదయ్యాయి. తర్వాత బొంబాయి కళాశాల అధ్యాపకుడు గ్రిఫిత్స్ 1872 నుంచి విద్యార్థులతో మళ్లీ తీయించాడు. వాటిలో పెద్ద భాగం 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో మంటల పాలయింది. నకళ్ల సంగతి అలా ఉంచి అసలుకు జరిగినది చూద్దాం. గుహలో వెలుతురు చాలక బొమ్మ మసకగా కనబడేది. రంగు తేటగా కనబడేందుకు నకలు తీసేవారు గోడ మీద వార్నిషు పూశారు. పూసిన రోజున రంగులు తళతళలాడాయి. ఏళ్లు గడిచేసరికి ఆ వార్నిషు పసుపెక్కి, దుమ్ము పట్టి, నల్లని తెరయింది. హైదరాబాదు ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ నెలకొల్పి గులాం యజ్దానీని అధిపతిగా నియమించింది. చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇటలీ నిపుణులను 1920లో పిలిపించి గోడ నుంచి ఊడిపోతున్న పొరలను అతికించింది. ఆ పని చాలా బొమ్మలను నేల రాలకుండా ఆపింది. కాని వారూ లక్కపూత వాడారు. అదీ కాలక్రమంలో రంగు మారింది. తర్వాతి తరాల రసాయనవేత్తలు దశాబ్దాల పాటు చేసిన పని చాలావరకు ఈ పూతలను తొలగించడమే.

ఇందులో నేర్చుకోదగిన సంగతి ఒకటుంది. రంగు కనబడనప్పుడు ఆనాటివారు బొమ్మను మార్చారు; మార్చవలసింది దీపాన్ని. యజ్దానీ ఈ తేడా గ్రహించాడనుకుంటాను. 1930లో మొదలై 1955కు పూర్తయిన ఆయన నాలుగు భాగాల ‘అజంతా’ గోడను ముట్టుకోకుండా, ఫోటోగ్రాఫు మీద ఆధారపడి తయారైన గ్రంథం. ఇక గుహలో మామూలు యాత్రికుడి మాట. గైడు తెల్లగుడ్డతోనో రేకుతోనో ద్వారం దగ్గరి ఎండను లోపలికి మళ్లించి చూపించడం, ఒక కాలంలో కరెంటు దీపం కావాలంటే దానికి వేరే టికెట్టు కొనవలసి రావడం అజంతా వెళ్లిన పాత తరంవారికి గుర్తుండే ఉంటుంది. బోధిసత్వుడి ముఖం చూసేందుకు దీపపు రుసుము!

ఇక ఇప్పటి ప్రమాణాల దగ్గరికి వద్దాం. లండన్ నేషనల్ గ్యాలరీ శాస్త్రజ్ఞుడు గారీ థామ్సన్ 1978లో ప్రచురించిన గ్రంథం ద్వారా 50 లక్సులన్న అంకె లోకమంతా పాకింది. నీటిరంగులు, గుడ్డలు, కాగితం మీది బొమ్మలకు 50, నూనెరంగులకు 200. దీన్ని చాలామంది ‘50 లోపు ఉంటే ప్రమాదం లేదు’ అని అర్థం చేసుకుంటారు. అది పొరపాటు. కన్ను రంగును రంగుగా గుర్తించాలంటే కావలసిన కనీసపు వెలుగు దాదాపు అంత. అందువల్ల ఆ అంకె కంటికీ రంగుకూ మధ్య కుదిరిన రాజీ. అంతర్జాతీయ దీపన సంఘం, అంటే సి.ఐ.ఇ., 2004లో ఇచ్చిన నివేదిక ఈ లెక్కకు కాలాన్ని కూడా చేర్చింది. అత్యంత సున్నితమైన వస్తువుకు ఏడాదికి 15,000 లక్సు-గంటలు, మధ్యరకానికి 1,50,000. 15,000ను 50తో భాగిస్తే 300 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది రోజులు. మిగిలిన ఏడాదంతా చీకటి! మన కథకుల లెక్కతో దీన్ని పోల్చి చూడండి. నూరు రాత్రుల పటం కథ మొత్తం 13,200 అని పైన వేసుకున్నాం. 2004లో నిపుణుల సంఘం గీసిన గీతకు లోపలే.

ఎంత వెలుగు అన్నది సగం ప్రశ్న. ఎటువంటి వెలుగు అన్నది మిగతా సగం. ఈ విషయంలో మన ప్రదర్శనశాలలకు చాలాకాలం గతి ట్యూబులైటే. అతినీలలోహిత కిరణాలు వెదజల్లుతుంది, రంగులను పాలిపోయినట్లు చూపుతుంది, చవక. పాత ఫిలమెంటు బల్బు రంగు చూపించడంలో దొడ్డది గాని వేడి ఎక్కువ. వేడి చింతగింజల పూతను ఎండబెట్టి పగులగొడుతుంది. ఇప్పుడు వాడుకలోకి వచ్చిన ఎల్.ఇ.డి.లో అతినీలలోహితం దాదాపు లేదు, పటం మీదికి వేడి రాదు. అందువల్ల సమస్య తీరిపోయిందనుకునేవారున్నారు. తీరలేదు. దీపం రంగులను ఎంత నమ్మకంగా చూపుతుందో చెప్పే సి.ఆర్.ఐ. అనే అంకెను ఎనిమిది లేతరంగు నమూనాల సగటుతో లెక్కిస్తారు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, అది సగటులో లేదు. పెట్టె మీద 80 అని గొప్పగా రాసుకున్న దీపానికి ఆ తొమ్మిదో అంకె సున్నా దగ్గర ఉండవచ్చు. అటువంటి దీపం కింద చేర్యాల ఎరుపు ఇటికరాయి రంగుకు దిగుతుంది. పటం ఒక్క కిరణం నష్టం పొందకుండానే ప్రేక్షకుడి కంటికి వెలిసిపోయినట్లే లెక్క. కొనేటప్పుడు ఆర్-9 ఎంత అని అడగని అధికారి పటాన్ని కాపాడవచ్చునేమో గాని చూపించలేడు. తెల్లటి చలవ వెలుగు కంటే పసుపుదనం ఉన్న 3000 కెల్విన్ లోపు దీపం ఇక్కడ రెండు విధాల మేలు. అందులో హాని చేసే నీలి పాలు తక్కువ. కాగడా వెలుగుకు వేసిన రంగు దాని కింద తన ఇంట్లో ఉన్నట్లుంటుంది. తక్కువ వెలుగులో కంటికి వెచ్చని రంగు దీపమే హాయి అన్నది కూడా పరిశోధకులు 1941లోనే గమనించిన విషయం.

ఇక అసలు చిక్కు. 50 లక్సులు ఎవరి కంటికి చాలుతుంది? అరవై ఏళ్ల మనిషి కంటి లోపలి పొరకు చేరే వెలుగు ఇరవై ఏళ్లవాడికి చేరేదానిలో సుమారు మూడో వంతు. ప్రమాణాలు రాసిన బల్లల దగ్గర కూర్చున్నది ఎవరైనా, వాటి ఫలితం మాత్రం ముసలివారి మీద పడుతుంది. మడేలు పురాణం పూర్తిగా విన్న జ్ఞాపకం ఉన్నదీ, బొమ్మ చూసి ‘ఇది ఫలానా ఘట్టం’ అని చెప్పగలిగినదీ ఇవాళ ఆ ముసలివారే. ఎండలో పని చేసి, ఎండలోంచి నేరుగా మసక గదిలోకి వచ్చి, కన్ను చీకటికి అలవాటుపడకముందే గది దాటిపోయే మనిషికి మనం పటాన్ని చూపించామా, దాచామా? చదువుకున్న ప్రేక్షకుడికి కనీసం పక్కనున్న అట్టముక్క చదువుకునే వీలుంది. పటం ఎవరి పురాణమో వారికే అది కనబడకపోవడం, రక్షణ విజ్ఞానం ఉద్దేశించకపోయినా దానివల్ల జరుగుతున్న అన్యాయం. అలాగని దీపం పెంచేస్తే వారి మనుమలకు గీతలు తప్ప మరేమీ మిగలవు. మన పత్రికల్లో ఈ రెండు వాదాలనూ ఆవేశంగా రాసేవారు కనిపిస్తారు గాని, రెండింటినీ కలిపి లెక్క కట్టేవారు అరుదు.

లెక్క కట్టినవాడు ఒకడున్నాడు. హెన్రీ వాన్ అనే లండన్ సేకర్త టర్నర్ వేసిన 38 నీటిరంగుల చిత్రాలను 1900లో స్కాట్లండ్ జాతీయ చిత్రశాలకు వీలునామా ద్వారా ఇచ్చాడు. షరతు ఏమిటంటే, ఏడాదిలో జనవరి నెలలోనే, అన్నిటినీ ఒకేసారి, రుసుము లేకుండా చూపించాలి. ఎడింబరోలో ఎండ అతి బలహీనంగా ఉండే నెల అది. ఆ బొమ్మలు ఈనాటికీ తాజాగా ఉన్నాయని పేరు. జనవరి రాగానే జనం వరస కడతారు. ధనికుడైన సేకర్తే అయినా, కొద్దికాలం చూపినా అందరికీ చూపాలన్న మాట వీలునామాలో రాశాడు గనుక ఆయనకు మన నమస్కారం చెల్లుతుంది. జాతరకు మాత్రమే బయటికి వచ్చే ఉత్సవ విగ్రహం సంగతి తెలిసిన మనకు ఇది వింతగా తోచనవసరం లేదు.

దీన్ని పటానికి అన్వయించి చూద్దాం. ఏడాదికి 15,000 లక్సు-గంటలే మన ఆస్తి అనుకుంటే, దాన్ని 50 చొప్పున 300 గంటలు ఖర్చు పెట్టవచ్చు. 150 చొప్పున 100 గంటలు కూడా ఖర్చు పెట్టవచ్చు. నష్టం సమానం. 150 లక్సుల్లో అరవై ఏళ్లవాడు 50 లక్సుల్లో ఇరవై ఏళ్లవాడు చూసినంత చూస్తాడు. వంద గంటలంటే నాలుగు గంటల కథలు ఇరవై అయిదు. అంటే మ్యూజియం తన పటాన్ని ఏడాది పొడుగునా ఎవరూ లేని గదిలో వెలిగించడం మాని, ఇరవై అయిదు సాయంకాలాలు కథకులను పిలిచి కథ చెప్పిస్తే, తుంగతుర్తి నుంచీ జనగామ నుంచీ ఆ కులాలవారిని పిలిచి టికెట్టు లేకుండా కూర్చోబెడితే, శాస్త్రం గీసిన గీత దాటినట్లు కాదు. మిగతా రోజుల్లో గోడ మీద నకాషీ వేసిన నకలు ఉంటుంది. దాని మీద ఎంత వెలుగైనా పోయండి, పిల్లలను ముట్టుకోనివ్వండి.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. పాత పటాన్ని మాటిమాటికీ విప్పితే సుద్దపూత పగిలి రంగు రాలుతుందన్నది మొదటిది. నిజమే. వెలుగు కంటే చుట్టడమే ఎక్కువ హాని చేసిన పటాలున్నాయి. అందుచేత అసలును లావుపాటి బొంగుకు చుట్టి, ఏడాదికి ఒక భాగం చొప్పున విప్పి, కథకుడి వెనక నిలకడగా ఉంచాలి. కర్రతో చూపించేందుకు నకలు ముందుండాలి. నకలు అసలుకు సాటి రాదన్నది రెండవ అభ్యంతరం. ఈ మాట నూనెరంగు చిత్రాల సంతలో పుట్టినది. పాత పటాన్ని నదికిచ్చి కొత్తది వేయించుకున్న సంప్రదాయంలో ప్రతి పటమూ ముందుదానికి నకలే, ప్రతిదీ అసలే. అయితే ఒక షరతు. నకలు వేసే నకాషీకి అసలును మంచి వెలుగులో, దగ్గరగా, కావలసినన్ని గంటలు చూసే హక్కు ఉండాలి. ఇప్పుడు చేర్యాలలో చాలావరకు వాడేది బజారులో దొరికే డబ్బా రంగులు. అమ్మకానికి వేసేవి అడుగు, రెండడుగుల ముక్కలు, కొనేది పట్నపు డ్రాయింగురూములు. ముప్ఫై అడుగుల పటం వేయించుకునే బృందాలు అరుదైపోయాయి. మ్యూజియం ఒక్కొక్క పాత పటానికి ఒక్కొక్క పూర్తి నకలు వేయించి, దానికి నెలల కూలి లెక్క కట్టి ఇస్తే, ఏడాదికి కేటాయించిన వంద గంటల వెలుగులో కొన్నిటిని ముందుగా ఖర్చు పెట్టవలసింది ఆ చిత్రకారుడి కళ్ల మీదే.